బాపట్ల సర్టిఫికెట్

“కళ్ళు తిరగడం కూడా ఒక జబ్బేనా? నాకు రోజూ తిరుగుతాయి. వంట మానేశానా?” అంది అమ్మ, పెనం మీద పెసరట్టు తిరగేస్తూ.

“నువ్వు విమానం నడపవు కదమ్మా,” అన్నాను.

“నడిపితే మీ నాన్న చేసిన పనికంటే నయంగానే నడుపుతా.”

నాన్న హాల్లో పేపరు వెనక ఉన్నాడు. అది నిన్నటి పేపరు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, మాకూ తెలుసు.

అక్క గది తలుపు రాత్రి వేసింది వేసినట్టే ఉంది.

మా అక్క మాధురి పైలట్. ప్రస్తుతానికి కోపైలట్. కెప్టెన్ ట్రైనింగ్‌కి లెటర్ కూడా వచ్చింది. అది వచ్చిన వారంలోనే కంపెనీ కొత్త డ్యూటీ చార్టు వేసింది. వరసగా రాత్రి ఫ్లైట్లు, మధ్యలో నిద్రకి మిగిలే టైముకి కోత. పైలట్ల యూనియన్ అందర్నీ ఒకేరోజు ఒంట్లో బాగోలేదని సెలవు పెట్టమంది. అక్కా పెట్టి తెనాలి వచ్చేసింది. అందరూ జ్వరమనో, కడుపులో బాగోలేదనో చెప్పారు. రెండ్రోజుల్లో తగ్గిపోయేవి, తగ్గాయంటే ఎవరూ ఆరా తీయనివి.

అక్క స్నానానికి వెళ్ళినప్పుడు కంపెనీ ఫోనొచ్చింది. నాన్న ఎత్తాడు. డాక్టర్ సర్టిఫికెట్ కావాలన్నారు.

నాన్న సర్వీసంతా గవర్నమెంటు బడి పంతులు, దాంతోపాటు ఉపాధ్యాయ సంఘం మండల కార్యదర్శి. సమ్మె సెలవుకి సర్టిఫికెట్ ఎలా ఉండాలో చలపతిరావు మాస్టారికి ఒకరు చెప్పక్కర్లేదు. జ్వరమంటే పై ఆఫీసరు నవ్వుతాడు. గట్టి జబ్బు రాయించాలి. బాపట్లలో ఉన్న చిన్ననాటి స్నేహితుడు డాక్టర్ మీరా మొహిద్దీన్‌కి ఫోన్ చేశాడు. ‘వర్టిగో’ అని రాసిన సర్టిఫికెట్ వాట్సాప్‌లో వచ్చింది, వాట్సాప్‌లోనే కంపెనీకి వెళ్ళిపోయింది. అక్క తల తుడుచుకుంటూ బయటికొచ్చేసరికి నాన్న చాలా సంతోషంగా ఉన్నాడు.

కళ్ళు తిరిగితే టీచరుకి సెలవు దొరుకుతుంది. పైలట్‌కి ఇక సెలవులతో పని ఉండదు.

తలుపు తెరుచుకుంది. అక్క చేతిలో ఫోను, మొహంలో నిద్రలేని రంగు.

“కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. సాయంత్రం ఆఫీసు కట్టేసేలోపు తేల్చాలంట.”

“ఏం తేల్చాలి?” అమ్మ అట్లకాడతోనే హాల్లోకి వచ్చింది.

“నాకే జబ్బూ లేదు, యూనియన్ వాళ్ళు బలవంతం చేస్తే దొంగ సర్టిఫికెట్ పెట్టానని రాసివ్వాలి. ఇస్తే ఆ సర్టిఫికెట్ ఢిల్లీలో మెడికల్ వాళ్ళకి పంపరు. వచ్చే నెల కెప్టెన్ ట్రైనింగ్.”

“ఇవ్వకపోతే?”

“పంపుతారు. ఎగరడానికి ఫిట్ అని ఇచ్చిన నా మెడికల్ ఆపేస్తారు. ఇంక టెస్టులు, రివ్యూలు, మళ్ళీ టెస్టులు. అవన్నీ అయ్యేసరికి నేను ఎగరడం మర్చిపోయుంటా.”

“దీనికి ఆలోచన కూడానా? రాసిచ్చెయ్,” అంది అమ్మ.

పేపరు కిందికి దిగింది. “రాసిస్తే సంఘం ఏమవుద్దో ఆలోచించావా? వెన్నుపోటు అంటారమ్మా దాన్ని.”

“నాకు పొడిచిన దాన్నేమంటారు నాన్నా?”

పేపరు మళ్ళీ పైకి లేవలేదు. దాని వెనక దాక్కునే ఓపిక కూడా ఆయనకి పోయినట్టుంది.

“అమ్మలూ, నేను నీ మంచికే...”

“తెలుసు.”

“మా రోజుల్లో అలాగే...”

“తెలుసన్నాగా నాన్నా.”

అమ్మ ఊరుకోలేదు. “మీ రోజుల్లో మీ సంఘం మీకేం ఒరగబెట్టింది? రిటైరైన రోజు ఒక శాలువా కప్పారు. అదీ వేసవిలో.”

“ట్రాన్స్‌ఫర్ ఆపించింది హైమా!”

“ట్రాన్స్‌ఫర్ చేయించిందీ ఆ సంఘం గొడవలే. గుర్తు లేదనుకున్నారా?”

వంటింట్లో అట్టు మాడిన వాసన వచ్చింది. ఎవరూ కదల్లేదు. నేనే వెళ్ళి స్టవ్ కట్టేశాను.

తిరిగొచ్చేసరికి అక్క చున్నీ వేసుకుంటోంది. “రేపల్లె వెళ్దాం తేజూ. కెప్టెన్ ప్రతాప్ సార్‌ని ఒకసారి కలవాలి. ఫోన్లో అయ్యేది కాదు.”

ప్రతాప్ మా అక్క యూనియన్ సెక్రటరీ. అక్కని అందులో చేర్పించిందీ ఆయనే. ఈ సెలవుల గొడవలో కంపెనీ మొదట ఉద్యోగం పీకిందీ ఆయన్నే.

“నేనూ వస్తా. ఆ మనిషిని నాలుగు అడగాలి,” అంది అమ్మ.

“నేనూ,” అన్నాడు నాన్న. ఎవరూ రమ్మనలేదు, వద్దనలేదు.

కారు నేను నడిపాను. ఇంట్లో పైలట్ ఉండగా డ్రైవింగ్ నా వంతు ఎందుకైందో అప్పుడు ఆలోచించలేదు. నేను ఇంటి నుంచి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. ఇంట్లో ఒకరికి బాగోలేదని ఆఫీసుకి మెసేజ్ పెడితే బొటనవేలి బొమ్మ వచ్చింది. మాకు యూనియన్ లేదు. సర్టిఫికెట్లు అడిగే అవసరం కూడా వాళ్ళకి లేదు, నచ్చకపోతే ఉద్యోగం లేదని ఒక మెయిల్ చేస్తే చాలు.



కెప్టెన్ ప్రతాప్ రేపల్లె బయట, మామగారి రొయ్యల చెరువుల దగ్గర దొరికాడు. అక్క ఫోటోల్లో భుజాల మీద నాలుగు గీతలతో ఉండే మనిషి నిక్కరు, బనీనుతో గట్టు మీద గొంతుకూర్చుని, మేత ట్రే పైకి లాగి రొయ్యలు తిన్నాయో లేదో చూస్తున్నాడు. చెరువులో గాలి పట్టించే ఏరేటర్లు నీళ్ళని కొడుతూ తిరుగుతున్నాయి.

“రండి మాస్టారూ. కుర్చీల్లేవు, గట్టే గతి.”

“మా పిల్లని ఇందులోకి లాగింది నువ్వే కదా బాబూ?” అమ్మ నమస్కారం కూడా పెట్టలేదు.

“నేనేనమ్మా.”

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటే తర్వాత ఏమనాలో అమ్మ సిద్ధం చేసుకుని రాలేదు.

“మాధురి కంటే వెనక చేరినవాళ్ళు కెప్టెన్లు అయిపోతుంటే అప్పట్లో ఎవరూ అడగలేదమ్మా,” అన్నాడాయన. “ఎవరి మావయ్యకి పైవాళ్ళు తెలిస్తే వాళ్ళకే ట్రైనింగ్. చేరిన వరస ప్రకారమే ఇవ్వాలని కంపెనీ మెడలు వంచి రాయించింది యూనియనే. తెనాలి అమ్మాయికి ఆ లెటర్ ఊరికే రాలేదు.”

“ఇప్పించిందీ మీరే, పోగొట్టిందీ మీరే. మధ్యలో మాకు మిగిలిందేంటి?”

అక్క అడిగింది. “నేను రాసిస్తే ఏమవుద్ది సార్?”

“పీకేసిన వాళ్ళందరి కేసు కోర్టులో ఉంది. మేం నిజంగా అలిసిపోయి జబ్బుపడ్డామని మన వాదన. అంతా నాటకమని వాళ్ళది. మనలో ఒక్కళ్ళు అవును నాటకమే అని రాసిస్తే వాళ్ళకి చాలు. అందుకే నిన్ను పట్టుకున్నారు.”

“రాసివ్వకపోతే?”

“కేసు తేలేదాకా నువ్వు జబ్బు మనిషివే. మన లాయర్ నీ సర్టిఫికెట్టే ముందు పెడతానంటున్నాడు. మిగతా అందరివీ జ్వరాలు. నీదొక్కటే జడ్జి వినేలా ఉందంట.”

నాన్న మొహంలో గర్వం లాంటిది ఒకటి వచ్చి, వెంటనే సిగ్గుపడి పోయింది. ఆయన రాయించిన గట్టి జబ్బుని మెచ్చుకున్న మొదటి మనిషి ఆ లాయర్.

“ఎన్నాళ్ళు సార్?”

“కోర్టు కదమ్మా.”

“తేలాక వర్టిగో ఉన్న పైలట్‌ని ఎవరు ఎక్కించుకుంటారు? ఇంకో కంపెనీకి పోయినా అడిగే మొదటి ప్రశ్న అదే.”

ప్రతాప్ మేత ట్రేని మళ్ళీ నీళ్ళలోకి దించాడు. తాడు వదిలాక కూడా చెయ్యి అక్కడే ఉంచాడు. “యూనియన్ నీ వెనకుంటది మాధురీ.”

“మీ వెనకా ఉంది కదా సార్,” అంది అక్క, చెరువు వైపు చూస్తూ.

ఆయనకి కోపం వస్తుందనుకున్నాను. నవ్వాడు. కోపమే వచ్చి ఉంటే బాగుండేది.

“నేను నిన్ను రాయొద్దని అనను. అనే మొహం నాకు లేదు. ఏమవుద్దో చెప్పా, అంతే.”

బయల్దేరేటప్పుడు ఆయన భార్య లక్ష్మి ఐసు వేసిన కవర్లో రొయ్యలు తెచ్చి అమ్మకిచ్చింది. అమ్మ వద్దంటూనే తీసుకుంది. తిడదామని వచ్చిన ఇంటినుంచి రొయ్యలు పట్టుకెళ్ళడం ఆవిడకే నచ్చినట్టు లేదు. కవరు ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

“మంచోడే,” అంది చెరుకుపల్లి దగ్గర.

“మంచోడు కాదని ఎవరన్నారు?” అన్నాడు నాన్న.

“మంచోళ్ళ వల్లే వచ్చాయి మనకి తిప్పలన్నీ. ఆయనొకడు, మీరొకరు.”

కారంతా రొయ్యల వాసన. నేను మనసులో రెండు దార్లూ వేసి చూసుకున్నాను. జబ్బు లేదని రాసిస్తే ప్రతాప్ వాళ్ళ కేసు పోతుంది. ఊరుకుంటే అక్క ఎగరడం పోతుంది. ఇలాంటిది సాఫ్ట్‌వేర్లో కనిపిస్తే డిజైన్ చేసిన వాణ్ణి తిట్టి పక్కన పెడతాం. ఇక్కడ డిజైన్ చేసినాయన వెనక సీట్లో కూర్చుని గోళ్ళు చూసుకుంటున్నాడు.

“తేజూ, కారు బాపట్ల వైపు పోనీ,” అన్నాడు నాన్న ఉన్నట్టుండి.

“ఎందుకు?”

“మీరా దగ్గరికి. ఒరేయ్, ఫోన్లో చెప్తే రాశావు, ఇప్పుడు మనిషిని చూసి రాయరా అంటా. అప్పుడు వర్టిగో అనుకున్నాం, పరీక్ష చేస్తే ఏం లేదని తేలింది అని రాస్తాడు. అంతే. అక్క అబద్ధం ఆడినట్టూ కాదు, సంఘం బలవంతం చేసినట్టూ కాదు. డాక్టరు పొరపాటు. డాక్టర్లు పొరపాటు పడరా?”

నాకు తప్పులు వెతకడమే ఉద్యోగం. కర్లపాలెం వచ్చేదాకా వెతికాను. ఒక్కటీ దొరకలేదు. ఆ కాగితం ఢిల్లీ వెళ్ళినా దాని పక్కన ఈ కాగితం ఉంటుంది. కేసులో లాయర్‌కి ఒక జబ్బు తగ్గుతుంది, అంతేకదా.

“నాన్నా, బుర్ర పనిచేసింది,” అన్నాను.

“ఈసారి,” అంది అమ్మ. కానీ ఆవిడ గొంతులో కూడా ప్రాణం లేచొచ్చింది.

అక్క ఏమీ అనలేదు. నిద్రలేనివాళ్ళకి సంతోషం కూడా కాస్త ఆలస్యంగా తెలుస్తుందేమో అనుకున్నాను.

డాక్టర్ మీరా మొహిద్దీన్ ఆసుపత్రి బాపట్లలో పాత ఇల్లే. ముందు గదిలో పేషెంట్లు, వెనక గదిలో ఆయన. నాన్నని చూడగానే కళ్ళజోడు తీశారు.

“రారా చలపతీ. ఫోన్లోనే పనులు జరిపించుకునేవాడివి, ఇవాళ మనిషివే వచ్చావేంటి? చెల్లెమ్మా, బాగున్నారా? ఈ వాసనేంటి, రొయ్యలా?”

“అన్నయ్యగారూ, ముందు మా పని చూడండి. రొయ్యలు మీకే ఇచ్చేసి పోతా,” అంది అమ్మ.

నాన్న చెప్పాడు. మొదటిసారి ఏదీ దాచకుండా, ఒక్క సంఘం మాట కలపకుండా మొత్తం చెప్పాడు. విన్నంతసేపూ డాక్టర్ గారు అక్కనే చూస్తున్నారు.

“తప్పు నాదేలేరా,” అన్నారు చివరికి. “నువ్వు అడగడం తప్పు కాదు, నువ్వెప్పుడూ అంతే. చూడకుండా రాయడం నా తప్పు. ఈసారి చూసే రాస్తా. చిన్న పరీక్షేనమ్మా మాధురీ. పడుకోబెట్టి తల ఒక పక్కకి తిప్పి కళ్ళు చూస్తా. నల్లగుడ్లు అదరకపోతే నీకే బాధా లేనట్టే. ఆ బల్ల ఎక్కు.”

అక్క చెప్పులు విప్పింది. బల్ల దగ్గరికి వెళ్ళింది. దుప్పటి అంచు సర్దింది.

ఎక్కలేదు.

“ఎక్కమ్మా. నొప్పేం ఉండదు.”

“అంకుల్.”

“చెప్పమ్మా.”

“పరీక్ష చెయ్యకుండా రాయలేరా?”

బయట ఎవరో దగ్గుతున్నారు.

డాక్టర్ గారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. “ఎప్పట్నుంచమ్మా?”

“చలికాలం నుంచి. వరసగా నైట్లు వేశారు కదా, అప్పుడు. పడుకుని పక్కకి తిరిగితే గది తిరుగుద్ది. కాసేపే అంకుల్. వెంటనే పోద్ది.”

“మరి నాకెందుకు చెప్పలేదే?” అన్నాన్నేను. ఎంత తెలివితక్కువ ప్రశ్నో అడిగాక తెలిసింది.

“విమానంలో ఎప్పుడైనా వచ్చిందా?” అని అడిగారాయన.

అక్క దుప్పటి అంచు మళ్ళీ సర్దింది. “ఒక్కసారి. దిగేటప్పుడు. పక్కన మీటరు చూద్దామని తల తిప్పా, రన్‌వే జారిపోయింది. ప్రతాప్ సార్ కంట్రోల్స్ తన చేతిలోకి తీసుకుని విమానం దించేశారు. దిగాక మంచినీళ్ళ సీసా చేతిలో పెట్టారు. ఏం అడగలేదు. ఎవరికీ చెప్పలేదు.”

“చెప్పాలి కదమ్మా ఆయన. రూలుంటుందిగా.”

“ఉంది. చెప్తే నన్ను దించేస్తారని చెప్పలేదు. ఇప్పుడు బయటపడితే ఆయన లైసెన్సు కూడా పోద్ది. కేసు గెలిచినా పోద్ది.”

“సంఘం మనిషి కదా. కాపాడుకున్నాడు,” అన్నాడు నాన్న. అలవాటుగా వచ్చిన మాట. అన్నాక ఆయనే బిత్తరపోయి చుట్టూ చూశాడు.

అమ్మ కుర్చీలో కూలబడింది. రొయ్యల కవర్లోంచి నీళ్ళు కారి ఆవిడ చీర తడుస్తోంది, చూసుకోలేదు.

“వచ్చిన రోజు వంటింటి గోడ పట్టుకుని నిలబడిందన్నయ్యగారూ. తిండి లేక అనుకున్నా. దీనికి కళ్ళు తిరుగుతున్నట్టున్నాయండీ అని ఈయనతో అన్నా. మీకు ఫోన్ చేసి ఏ జబ్బు చెప్పాలా అని ఈయన ఆలోచిస్తుంటే, ఆ మాట నేనే అన్నా.”

అంటే నాన్న జబ్బుని కల్పించలేదు. ఇంట్లో కనిపించిన దాన్నే అబద్ధమనుకుని రాయించాడు.

“ఇది నయమయ్యే జబ్బేనమ్మా,” అన్నారు డాక్టర్ గారు. “చాలామందికి తగ్గిపోద్ది. మళ్ళీ వస్తే రావచ్చు, రాకపోనూ వచ్చు. ముందు నిద్ర కావాలి. రాత్రి పని మానాలి.”

“నా ఉద్యోగంలో సగం రాత్రే అంకుల్. తగ్గినా, ఒకసారి కాక్‌పిట్‌లో వచ్చిందంటే ఇంక ఎవరూ వినరు.”

“కొన్నాళ్ళు ఆగి...”

“చిన్నప్పట్నుంచీ ఇదొక్కటే నేర్చుకున్నా అంకుల్. నాకు ఇంకే పనీ రాదు.”

అక్క ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. బల్ల పక్కన, చెప్పులు లేని కాళ్ళతో, పరీక్ష రాయలేక బయట నిలబడ్డ పిల్లలా నిలబడింది.

అమ్మ లేచి డాక్టర్ గారి టేబుల్ దగ్గరికి వెళ్ళింది. ప్రిస్క్రిప్షన్ పుస్తకాన్ని ఆయన ముందుకి జరిపింది.

“తగ్గే జబ్బేనన్నారుగా అన్నయ్యగారూ. లేదని రాసెయ్యండి. సాయంత్రంలోపు పంపాలి.”

“చెల్లెమ్మా, ఆ అమ్మాయి వెనక విమానం నిండా జనం కూర్చుంటారు.”

“ముందు కూర్చునేది నా కూతురండీ. అది మనిషి కాదా?”

“అందుకే కదమ్మా చెప్తున్నా.”

ఆవిడకి వినపడలేదు. లేదా వినపడింది. చేతులు జోడించి నిలబడింది.

నాన్న అడ్డుపడతాడని చూశాను. బడి పిల్లలకి నిజమే చెప్పాలని సర్వీసంతా చెప్పిన మనిషి. ఆయన గోడ మీద గుండె బొమ్మ వైపు చాలాసేపు చూసి, అటే తిరిగి అన్నాడు.

“రాయరా, మీరా.”

డాక్టర్ గారు పెన్ను మూత తీయలేదు. పక్కనా పెట్టలేదు. “మాధురీ, నువ్వు చెప్పమ్మా. నువ్వు రాయమంటే నేనేం చెయ్యాలో నాకు తెలీదు. వద్దంటే మాత్రం నాకు బలం.”

వద్దంటుందని అక్క వైపు చూశాను. ఎయిర్‌పోర్టులో తెలియని ముసలమ్మ సంచి కూడా మోసే మనిషి మా అక్క. ఒక్క మాట. నోట్లోంచి రావడానికి ఎంతసేపు?

అక్క నా వైపు చూడలేదు. డాక్టర్ గారి చేతిలో పెన్నుని చూస్తోంది.